జేబు ఖాళీ అవ్వకుండా జర్మనీ నుంచి వీకెండ్ పండగలకి వెళ్ళి రావడం ఎలా

మాస్టర్స్‌కని జర్మనీ వచ్చిన మనవాళ్ళు ఫస్ట్ సెమిస్టర్‌లో వేసే ట్రిప్పులు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి, ఐదుగురు ఫ్రెండ్స్, పారిస్‌లో రెండ్రోజులు, టవర్ ముందు ఫోటో, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక రోజు, కాలవ పక్కన ఫోటో, వెనక్కొచ్చాక నెలాఖరు దాకా రోజూ పప్పుచారే. తప్పనట్లేదు. కానీ టవర్ ఎక్కడికీ పోదు, ఉద్యోగం వచ్చాక కూడా వెళ్ళి చూడొచ్చు. పండగ అలా కాదు, ఏడాదికి ఒక్కసారే వస్తుంది, మీ కోర్సు చూస్తే రెండేళ్ళో రెండున్నరేళ్ళో, అంటే కొలోన్ కార్నివాల్ (కొలోన్ ఊళ్ళో ఫిబ్రవరి ప్రాంతంలో వేషాలేసి చేసే వీధి పండగ) మీకు మహా అయితే రెండుమూడుసార్లు దొరుకుతుంది, అందులో ఒకటి ఎగ్జామ్స్‌లో కొట్టుకుపోతుంది. అందుకని ముందు ఊరు అనుకుని తర్వాత డేట్ వెతుక్కోకండి, పండగ డేట్ చూస్కుని దాన్నిబట్టి ఊరు ఫిక్స్ అవ్వండి. జర్మనీలో ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నా ఇది, వేరే దేశంలో ఉంటే టికెట్ల సంగతి మారుతుంది, మిగతాది చాలావరకు పనికొస్తుంది.

1. ముందు క్యాలెండర్ ముందేసుకుని కూర్చోండి

సెమిస్టర్ మొదలైన వారంలోనే ఈ పని అయిపోవాలి. ఫోన్ క్యాలెండర్‌లో ముందు ఎగ్జామ్ డేట్లు, సబ్మిషన్లు వేయండి, తర్వాత మీ పార్ట్‌టైమ్ షిఫ్టులు, ఆ తర్వాత మీ స్టేట్ పబ్లిక్ హాలిడేస్ (స్టేట్‌కీ స్టేట్‌కీ తేడా ఉంటుంది, బవేరియాలో సెలవు ఉన్న రోజు బెర్లిన్‌లో ఉండదు). వీటి మధ్యలో మిగిలిన ఖాళీల్లోనే పండగలు పట్టాలి.

ఇక్కడ సగం పండగలు ఈస్టర్‌ని బట్టి జరుగుతుంటాయి, ఈస్టరేమో పౌర్ణమిని బట్టి వస్తుంది, కాబట్టి పోయినేడాది డేట్ గుర్తుపెట్టుకుని టికెట్ బుక్ చేస్తే అంతే సంగతులు. లెక్క ఇలా వేస్కోండి: కొలోన్ పెద్ద ఊరేగింపు జరిగే సోమవారం ఈస్టర్‌కి 48 రోజుల ముందు వస్తుంది. 2027లో ఈస్టర్ మార్చి 28, అంటే ఆ సోమవారం ఫిబ్రవరి 8. ఈస్టర్ తర్వాత 39వ రోజు అసెన్షన్ డే (క్రైస్తవుల పండగ, సెలవు), అది ఎప్పుడూ గురువారమే, మధ్యలో శుక్రవారం ఒక్కరోజు క్లాస్ మానేస్తే నాలుగు రోజులు కలిసొస్తాయి, జర్మన్లు కూడా అదే చేస్తారు కాబట్టి ఆ వారం ఐసీఈ (స్పీడ్ ట్రైన్) టికెట్ల జోలికి వెళ్ళకండి, రేట్లు మండిపోతుంటాయి.

ఇంకోటి, ఫిబ్రవరి అంటే చాలా యూనివర్సిటీల్లో వింటర్ సెమిస్టర్ ఎగ్జామ్స్ నడిచే టైమ్. కార్నివాల్ సరిగ్గా అందులోనే పడుతుంది. ముందే చూస్కోండి, తీరా వెళ్ళాక అక్కడ గుంపులో నిలబడి స్లైడ్స్ చదువుకునే బ్యాచ్‌ని నేను కళ్ళారా చూశా. వీకెండ్ జాబ్ చేసేవాళ్ళైతే మేనేజర్‌ని నెల ముందే అడిగి షిఫ్ట్ మార్పించుకోండి, పండగ వారం అడిగితే ఎవరూ ఇవ్వరు, వాళ్ళకీ మనుషులు కావాలి కదా.

2. టికెట్: నిదానంగా వెళ్ళే ట్రైనే మన ట్రైన్

బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బులేసిన అకౌంట్) నుంచి నెలకి వచ్చేది 992 యూరోలు, అందులో రూమ్ రెంటు, ఇన్సూరెన్స్, సరుకులు పోగా ఎంత మిగులుతుందో మీకు తెలుసు. కాబట్టి డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్ ట్రైన్లకీ బస్సులకీ పనికొచ్చే నెలవారీ పాస్) మీదే బతకాలి. ఇది 2023 మే 1న 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. స్టూడెంట్స్‌కి చాలా యూనివర్సిటీల్లో దీని సెమిస్టర్ వెర్షన్ సెమిస్టర్ ఫీజులోనే కలిసి వస్తుంది, మామూలు ధరలో 60 శాతమే పడుతుంది. మీ యూనివర్సిటీ ఇస్తుందో లేదో ముందు కనుక్కోండి, ఇవ్వకపోతే నెలవారీ సబ్‌స్క్రిప్షన్ తీస్కుని తిరగని నెలల్లో క్యాన్సిల్ చేస్కోవచ్చు, కానీ ఆ నెల 10వ తేదీ లోపు క్యాన్సిల్ కొట్టాలి, 11న కొడితే వచ్చే నెల డబ్బులు కూడా కట్ అవుతాయి.

ఈ టికెట్ మీద ఆర్‌ఈ, ఆర్‌బీ, ఎస్-బాన్ అనే లోకల్ ట్రైన్లు, మెట్రో, ట్రామ్, సిటీ బస్సు అన్నీ ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ, ఈసీ లాంటి దూరప్రయాణ ట్రైన్లు, ఫ్లిక్స్ (ప్రైవేట్ బస్సులు, ట్రైన్లు) ఎక్కకూడదు. జర్మన్ రైల్వే వాళ్ళ డీబీ నావిగేటర్ యాప్‌లో డాయిచ్‌లాండ్ టికెట్ కనెక్షన్లు మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంటుంది, అది ఆన్ చేసి పెట్టుకోండి, లేకపోతే అన్నిట్లో ఐసీఈ కలిపి చూపిస్తుంది, ఎక్కాక చెకింగ్‌లో దొరికితే మొహం చిన్నబోతుంది. టికెట్ ఫోన్‌లో ఉంటుంది, స్క్రీన్‌షాట్ చెల్లదు, పక్కన ఫోటో ఐడీ కూడా చూపించాలి. ఫోన్ ఆఫ్ అయిపోతే టికెట్ లేనట్టే లెక్క, లోకల్ ట్రైన్లో టికెట్ లేకుండా దొరికితే ఫైన్ 60 యూరోలు, అందుకే పవర్ బ్యాంక్ మర్చిపోయినా పర్లేదనుకునే లిస్టులో పెట్టకండి.

ఈ టికెట్‌లో చాలామందికి తెలియని మంచి విషయం, బోర్డర్ అవతల కొన్ని స్టేషన్ల దాకా కూడా పనిచేస్తుంది. మ్యూనిక్ నుంచి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ దాకా లోకల్ ట్రైన్లో వెళ్ళిపోవచ్చు. స్విట్జర్లాండ్‌లో బాసెల్ బాడిషర్ బాన్‌హోఫ్ దాకా వెళ్ళొచ్చు, ఆ స్టేషన్ స్విస్ నేల మీదే ఉంది కానీ నడిపేది జర్మన్ రైల్వే. ఫ్రాన్స్ వైపైతే కేల్ దాకా వెళ్ళి అక్కడ నుంచి ట్రామ్ ఎక్కితే, లేదా రైన్ నది మీద బ్రిడ్జి నడిచి దాటితే స్ట్రాస్‌బూర్గ్.

దూరం బాగా ఎక్కువైతే మాత్రం మొండికెయ్యకండి. బెర్లిన్ నుంచి బాసెల్‌కి లోకల్ ట్రైన్లలో వెళ్తానంటే పండగ టైమ్‌కి నిద్రే మిగులుతుంది. అలాంటప్పుడు సూపర్ స్పార్‌ప్రైస్ (ముందే కొంటే చవగ్గా వచ్చే దూరప్రయాణ) టికెట్ నెల రెండు నెలల ముందు తీస్కోండి, 27 ఏళ్ళ లోపు వాళ్ళకి మై బాన్‌కార్డ్ అని డిస్కౌంట్ కార్డు చవగ్గా వస్తుంది (అది దానంతటదే రెన్యూ అయిపోతుంది, కొన్నరోజే క్యాన్సిల్ రిక్వెస్ట్ పెట్టేస్తే సరి). చవక ఫ్లైట్ కనబడగానే ఎగిరి గంతెయ్యకండి కూడా, ఎయిర్‌పోర్ట్ పేరు చదవండి ముందు: ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అనేది ఫ్రాంక్‌ఫర్ట్‌కి 120 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, పారిస్ బోవే కూడా అంతే, పారిస్‌కి 85 కిలోమీటర్లు. తెల్లవారుజామున అక్కడికి చేరడానికయ్యే బస్సు ఖర్చు కలిపితే ట్రైనే నయం.

3. కాగితాలు

జర్మన్ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే మిగతా షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా తిరగొచ్చు, వేరే వీసా అక్కర్లేదు. వీకెండ్ ట్రిప్పులకి ఇది దండిగా సరిపోతుంది. పాస్‌పోర్ట్, పర్మిట్ కార్డు, రెండూ ఒరిజినల్స్ దగ్గరుండాలి. "షెంగెన్‌లో చెకింగ్ ఉండదు" అని సీనియర్లు చెప్పిన మాట పాతబడిపోయింది, 2024 సెప్టెంబర్ 16 నుంచి జర్మనీ అన్ని ల్యాండ్ బోర్డర్ల దగ్గరా చెకింగ్ పెట్టింది, బస్సు ఆపి ఒక్కొక్కళ్ళ కార్డూ చూస్తారు.

ఇంగ్లండ్, ఐర్లాండ్ షెంగెన్ కాదు, వాటికి వీసా వేరే. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కానీ షెంగెన్‌లో ఉంది, కాబట్టి వీసా ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఫోన్‌తోనే, ఈయూ ఫ్రీ రోమింగ్ అక్కడ వర్తించదు, మీ ప్లాన్‌లో స్విట్జర్లాండ్ ఉందో లేదో చూస్కోండి, లేకపోతే బోర్డర్ దాటకముందే డేటా ఆఫ్ చేసి మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి. హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు వెనక వైపు యూరోపియన్ కార్డు ఉంటుంది, ఈయూ దేశాల్లో ఎమర్జెన్సీకి పనికొస్తుంది, కానీ మన పాస్‌పోర్ట్ వాళ్ళకి స్విట్జర్లాండ్, డెన్మార్క్, నార్వేల్లో దాని మీద భరోసా పెట్టుకోలేం, చిన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తీస్కోండి.

పర్మిట్ ఎక్స్‌పైర్ అయి కొత్త కార్డు రాకముందు ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అని ఒక కాగితం చేతికిస్తారు. దాంట్లో రకాలున్నాయి, అన్నిటితో బోర్డర్ దాటలేం. మీ దగ్గరున్నది ఏ రకమో ఫారినర్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టి, జవాబు చేతికొచ్చేదాకా జర్మనీ లోపలే తిరగండి, చూడ్డానికి ఇక్కడేం తక్కువ లేవు.

4. పడుకోడం ఎక్కడ

పండగ జరిగే ఊళ్ళో రూమ్ తీస్కోకండి, పక్క ఊళ్ళో తీస్కోండి. ఇదొక్కటి పాటిస్తే సగం ఖర్చు తగ్గుతుంది. కొలోన్ కార్నివాల్‌కి బాన్‌లో, మ్యూనిక్ బీర్ పండగ ఆక్టోబర్‌ఫెస్ట్‌కి ఆగ్స్‌బర్గ్‌లో, బాసెల్ కార్నివాల్‌కి ఫ్రైబుర్గ్‌లో. మూడూ లోకల్ ట్రైన్లో గంట లోపే, టికెట్ ఎలాగూ ఉంది. ఇంకా చవగ్గా కావాలంటే ఆ ఊళ్ళో చదివే తెలుగువాళ్ళు ఎవరో ఒకరు తగులుతారు, మన కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే చాలు "ఫలానా ఊళ్ళో ఎవరున్నారు" అని, కాకపోతే వాళ్ళ డార్మ్‌లో గెస్ట్‌లు ఎన్ని రాత్రులు ఉండొచ్చో రూల్ ఉంటుంది, అది అడిగి వెళ్ళండి, వెళ్ళేటప్పుడు ఖాళీ చేతుల్తో వెళ్ళకుండా కనీసం ఓ ఆవకాయ డబ్బా తీస్కెళ్ళండి, మళ్ళీ రమ్మంటారు.

హాస్టల్ అయితే తాళం కప్ప, టవల్ మనమే తీస్కెళ్ళాలి, చాలా చోట్ల టవల్‌కి డబ్బులు తీస్కుంటారు.

5. సంచి, తిండి

ఆదివారం జర్మనీలో సూపర్ మార్కెట్లు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో ఉన్నవి తప్ప, అవి కూడా ఆ రోజు కిటకిటలాడిపోతాయి. కాబట్టి శనివారం సాయంత్రమే సరుకు పని అయిపోవాలి. నా ఓటు ఎప్పుడూ పులిహోరకే, మర్నాటికి ఇంకా బాగుంటుంది, చల్లగా తిన్నా ఇబ్బంది లేదు, ట్రైన్లో డబ్బా మూత తీస్తే పక్కవాళ్ళు ముక్కు మూసుకోరు. వెల్లుల్లి కారం పెట్టిన చపాతీ రోల్స్ కూడా మంచివే కానీ అవి ప్లాట్‌ఫామ్ మీద తినండి.

బయట కొనుక్కునేటప్పుడు వెజ్ వాళ్ళు "వెగెటారిష్" అని అడిగి ఊరుకోకుండా "ఓనే ష్పెక్" అని కూడా అడగండి, అంటే పంది మాంసం ముక్కలు లేకుండా అని, ఆలూ వేపుళ్ళలో సూపుల్లో అవి చల్లేస్తుంటారు, దాన్ని వాళ్ళు మాంసం కింద లెక్కేయకపోవడం మామూలే. "రిండ్" అంటే బీఫ్, "ష్వైన్" అంటే పోర్క్, "హెన్షెన్" అంటే చికెన్, ఈ మూడూ వస్తే చాలు. కొలోన్‌లో రైబెకూఖెన్ అని ఆలుగడ్డ తురిమి వేసే అట్టు ఉంటుంది, ఆపిల్ పచ్చడితో ఇస్తారు, వేడివేడిగా బాగుంటుంది, మన పచ్చిమిరపకాయ ఒకటి జేబులో ఉంటే ఇంకా బాగుంటుంది.

ఖాళీ ప్లాస్టిక్ బాటిళ్ళు పారెయ్యకండి, షాపులో తిరిగిస్తే ఒక్కోదానికి 25 సెంట్ల డిపాజిట్ వెనక్కొస్తుంది, నలుగురివి కలిపితే వచ్చేటప్పుడు కాఫీ వస్తుంది. చిల్లర నాణేలు మాత్రం జేబులో ఉంచుకోండి, స్టేషన్ టాయిలెట్‌కి కావాలి.

6. కొలోన్ కార్నివాల్: మొదటిసారి వెళ్ళేవాళ్ళకి

అసలు సీజన్ నవంబర్ 11న పొద్దున 11:11కి మొదలవుతుంది, కానీ రోడ్ల మీద పండగ మాత్రం ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చే ఆ ఆరు రోజులే, గురువారం నుంచి మంగళవారం దాకా. వీటిలో ఏ రోజు వెళ్ళాలో తేల్చుకోడమే ముఖ్యం.

గురువారం ఆడవాళ్ళ రోజు. 11:11కి మొదలవ్వగానే ఆడవాళ్ళు కత్తెరలు పట్టుకుని కనిపించిన మగాడి టై కత్తిరించేస్తారు, కోపం తెచ్చుకోకూడదు, ఆరోజు అధికారం వాళ్ళది. టై లేకపోతే బూట్ లేస్ కత్తిరించినా ఆశ్చర్యపోకండి. స్టూడెంట్ గుంపంతా జుల్పిషర్ స్ట్రాసె చుట్టూ చేరుతుంది, అక్కడ మధ్యాహ్నానికే నిండిపోయి పోలీసులు దారులు మూసేస్తారు, లోపలికెళ్తే బయటికి రావడం కష్టం, నిలబడ్డానికే చోటుండదు. నా మట్టుకు నేనైతే అటు పోవద్దనే చెప్తా, తాగినవాళ్ళ మధ్య చలిలో ఆరు గంటలు నిలబడ్డం పండగ కాదు.

ఆదివారం వెళ్ళండి. ఆ రోజు స్కూలు పిల్లలూ పేటలవాళ్ళూ కలిసి తీసే ఊరేగింపు ఉంటుంది, వేషాలన్నీ వాళ్ళు చేత్తో కుట్టుకున్నవి, జనం తక్కువ, పిల్లలు మన చేతికే చాక్లెట్లు అందిస్తారు. సోమవారంది అసలు పెద్ద ఊరేగింపు, 1823 నుంచి ఉంది, పొద్దున పదింటి ప్రాంతంలో మొదలై గంటల తరబడి సాగుతుంది, రాజకీయ నాయకుల బొమ్మలు పెట్టి ఆడుకునే బండ్లు అందులోనే చూడాలి. రెండూ చూడగలిగితే ఆదివారం రాత్రి బాన్‌లో పడుకుని సోమవారం తొమ్మిదింటికల్లా వచ్చి రోడ్డు పక్కన చోటు పట్టుకోండి.

వేషం తప్పనిసరి. ఎవరూ తిట్టరు కానీ జీన్స్, జాకెట్‌లో ఉన్నది మీరొక్కళ్ళే అవుతారు, అప్పుడు మీకే ఇబ్బందిగా ఉంటుంది. కొత్తగా కొనక్కర్లేదు, సెకండ్ హ్యాండ్ షాపులో జంతువు బొమ్మ ఉన్న వన్సీ (ఒళ్ళంతా కప్పే ఒకే డ్రెస్) దొరికితే దాని కింద రెండు స్వెటర్లు వేస్కోవచ్చు, చలికి అంతకంటే మంచి ఐడియా లేదు. నిజం తుపాకీలా కనిపించే బొమ్మ తుపాకీ మాత్రం వద్దు. గాజు సీసాలు కొన్ని ఏరియాల్లో నిషేధం, ప్లాస్టిక్ బాటిల్ తెచ్చుకోండి.

బండ్లు వచ్చేటప్పుడు "కామెల్లె!" అని అరవాలి, అప్పుడే చాక్లెట్లు విసురుతారు, నోరు మూసుకుని నిలబడితే ఏమీ రాదు. గుడ్డ సంచి తీస్కెళ్ళండి, ఆరితేరినవాళ్ళు గొడుగు తిరగేసి పట్టుకుంటారు. పలకరింపు "కోలె అలాఫ్". ఇక్కడ పొరపాటున "హెలావ్" అనకండి, అది డ్యూసెల్‌డార్ఫ్ వాళ్ళ మాట, ఈ రెండు ఊళ్ళకీ ఎప్పట్నుంచో పడదు, సరదాకే అయినా మొహం మాడ్చుకుంటారు.

బార్‌లో బీర్ 200 మిల్లీ గ్లాసుల్లో వస్తుంది, ఖాళీ అవ్వగానే అడక్కుండానే ఇంకోటి పెట్టి అట్టముక్క మీద గీత గీసి పోతాడు వెయిటరు. మీకు వద్దంటే ఆ అట్టముక్క తీసి గ్లాసు మీద మూతలా పెట్టాలి, లేకపోతే గీతలు పెరుగుతూనే ఉంటాయి, బిల్లు కూడా. తాగనివాళ్ళు జ్యూస్ పట్టుకుని తిరిగినా ఎవరూ ఏమీ అనరు. గుంపులో ఎవరైనా బుగ్గ మీద ముద్దు పెట్టబోతే అది అక్కడి ఆచారమే, మీకు ఇష్టం లేకపోతే చెయ్యి అడ్డం పెట్టి నవ్వేస్తే చాలు. హద్దు దాటితే అది ఆచారం కాదు, పోలీసుల్ని పిలవండి, 112 ఈయూలో ఏ దేశంలోనైనా పనిచేస్తుంది.

ఇంకా ఓపికుంటే మంగళవారం రాత్రి దాకా ఉండండి. బార్‌ల ముందు వేలాడదీసిన గడ్డిబొమ్మని దించి, ఈ వారం రోజులు మనం చేసిన వెధవ పనులన్నిటికీ వీడే కారణం అని విచారణ జరిపి తగలబెడతారు. దీపావళికి నరకాసురుణ్ణి కాల్చినట్టే ఉంటుంది, కాకపోతే ఇక్కడ జనం దొంగ ఏడుపులు ఏడుస్తూ కాలుస్తారు.

7. బాసెల్: పొద్దున నాలుగింటికి

కొలోన్‌లో అంతా అయిపోయి జనం ఇళ్ళకి పోయాక, తర్వాతి సోమవారం బాసెల్‌లో కార్నివాల్ మొదలవుతుంది. 2027లో అయితే ఫిబ్రవరి 15. పొద్దున సరిగ్గా నాలుగింటికి ఊరంతా లైట్లు ఆపేస్తారు, వీధి దీపాలతో సహా. ఆ చీకట్లో ఒక కేక వినిపిస్తుంది, వెంటనే డప్పులూ పిల్లనగ్రోవులూ ఒకేసారి మొదలవుతాయి, పెద్ద పెద్ద కాగితం లాంతర్లు భుజాన మోస్తూ, తల మీద చిన్న లాంతర్లు పెట్టుకుని గుంపులు గుంపులుగా సందుల్లోంచి వస్తారు. దీన్ని మోర్గెష్ట్రైఖ్ అంటారు. అక్కడి నుంచి సరిగ్గా 72 గంటలు, గురువారం పొద్దున నాలుగింటికి ఠక్కున ఆపేస్తారు. 2017లో యునెస్కో లిస్టులో కూడా చేరింది. యూరప్‌లో ఒక్క పండగే చూసే టైమ్ ఉందంటే నేను దీన్నే చూడమంటా.

ఎలా వెళ్ళాలంటే, ఆదివారం సాయంత్రానికి ఫ్రైబుర్గ్ చేరుకోండి, కాసేపు పడుకోండి. ఆ రాత్రి తెల్లవారుజామున స్పెషల్ ట్రైన్లు వేస్తుంటారు, వాటి టైములూ మీ టికెట్ వాటిలో చెల్లుతుందా అన్నదీ వారం ముందు చూస్కోండి, లేకపోతే ఆదివారం చివరి ట్రైన్లో వెళ్ళి జాగారమే. బాడిషర్ స్టేషన్ నుంచి పాత ఊరికి నడిచి వెళ్ళిపోవచ్చు, అరగంట పడుతుంది, నది దాటి అవతలికి పోవాలి. మూడున్నరకల్లా పాత ఊళ్ళో ఏదో ఒక సందు మొదట్లో నిలబడండి, లైట్లు పోయాక కదలడం కష్టం.

ఇక్కడి పద్ధతి కొలోన్‌కి పూర్తి ఉల్టా. చూడ్డానికి వచ్చినవాళ్ళు వేషం వేయకూడదు, మొహానికి రంగులు కూడా వద్దు, వేషం వేసేది పాల్గొనేవాళ్ళే. ఫ్లాష్ కొట్టకండి, ఆ చీకటి కోసమే కదా ఇంత చేసేది. బ్లాగెడ్డె అని ఒక బ్యాడ్జి అమ్ముతారు, రాగి రంగుది అన్నిట్లోకీ చవక, కొని జాకెట్‌కి పెట్టుకోండి, ఆ డబ్బులు పాల్గొనే గుంపులకే వెళ్తాయి. అది లేకపోతే బండి మీద నుంచి కాగితం ముక్కలు నెత్తిన కుమ్మరించేది ముందు మిమ్మల్నే (బ్యాడ్జి ఉన్నా కుమ్మరిస్తారనుకోండి, కొంచెం తక్కువ). డప్పుల గుంపుకి అడ్డంగా నడవకూడదు, వెనకాలే నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్తే ఎవరూ ఏమీ అనరు, అసలు ఆ వెనకాల నడవడంలోనే ఉంది మజా.

తిండి మాత్రం ఖరీదు, స్విస్ ఫ్రాంకులు, కార్డు పనిచేస్తుంది. ఉల్లిపాయ టార్ట్ ఒకటి, వేయించిన పిండితో చేసే సూప్ ఒకటి అక్కడి పండగ తిండి, సూప్‌లో మాంసం రసం ఉందేమో అడగండి. పులిహోర డబ్బా సంచిలోనే ఉంచుకుంటే ఇక్కడ దాని విలువ తెలుస్తుంది. రెండు జతల సాక్సులు, లోపల థర్మల్స్, ఇవి లేకుండా వెళ్ళకండి, నది పక్కన ఊరు, ఫిబ్రవరి, తెల్లవారుజాము.

8. మిగతావి గబగబా

ఆక్టోబర్‌ఫెస్ట్ గురించి అందరికీ తెలుసు, పేరు అక్టోబర్ అయినా మొదలయ్యేది సెప్టెంబర్‌లో, 2026లో సెప్టెంబర్ 19 నుంచి అక్టోబర్ 4 దాకా. లోపలికి ఎంట్రీ ఫ్రీ. శనివారం వెళ్తే టెంట్లు పొద్దున్నే నిండిపోతాయి, కూర్చోడానికి చోటు దొరక్కపోతే బీరే ఇవ్వరు, అందుకని వారం మధ్యలో, ఇంకా క్లాసులు మొదలవ్వని టైమ్ కాబట్టి, మంగళవారం పొద్దున్నే వెళ్ళండి, ఆ రోజు జెయింట్ వీల్ లాంటి వాటికి రేట్లు కూడా తగ్గిస్తారు. లీటర్ బీర్ 2025లోనే 14.50 నుంచి 15.80 యూరోల దాకా ఉంది, లెక్క చూస్కుని కూర్చోండి. మూడు లీటర్ల కంటే పెద్ద బ్యాగ్ లోపలికి రానివ్వరు, ల్యాప్‌టాప్ బ్యాగ్ వేస్కుని డైరెక్ట్‌గా రాకండి. చికెన్ తినేవాళ్ళకి కాల్చిన సగం కోడి ఉంది, వెజ్ వాళ్ళకి చీజ్ వేసిన ష్పెట్సలె (నూడుల్స్ లాంటిది), పెద్ద బ్రెజెల్. ఆ గాజు మగ్గు గుర్తుగా సంచిలో వేస్కుందామని చూడకండి, గేటు దగ్గర పట్టుకుంటారు, కావాలంటే అమ్ముతారు, కొనుక్కోండి.

ఏప్రిల్ 27 నెదర్లాండ్స్ రాజుగారి పుట్టినరోజు (ఆదివారం పడితే 26న చేస్తారు). అందరూ ఆమ్‌స్టర్‌డామ్ అంటారు, నేను ఉట్రెక్ట్ అంటా. అక్కడ ముందురోజు సాయంత్రం ఆరింటికే రోడ్ల మీద పాత సామాన్ల సంత మొదలై రాత్రంతా నడుస్తుంది, కుక్కర్ దగ్గర్నుంచి సైకిల్ లైట్ దాకా చిల్లరకి దొరుకుతాయి, సెమిస్టర్ మొదట్లో రూమ్ సర్దుకునేవాళ్ళకి అది పండగలో పండగ. ఆరెంజ్ రంగు ఏదో ఒకటి వేస్కోండి. అక్కడ ట్రైన్లకి టికెట్ కొనక్కర్లేదు, కాంటాక్ట్‌లెస్ కార్డు గేట్ దగ్గర ఆనించి ఎక్కి, దిగాక అదే కార్డు మళ్ళీ ఆనించాలి, ఎక్కేటప్పుడు ఫోన్‌తో, దిగేటప్పుడు కార్డుతో చేస్తే రెండిట్లోంచీ కట్ అవుతుంది.

క్రిస్మస్ మార్కెట్లు నవంబర్ చివర నుంచి డిసెంబర్ 23, 24 దాకా. డ్రెస్డెన్‌ది 1434 నాటిది, స్ట్రాస్‌బూర్గ్‌ది 1570 నాటిది, చూడాలంటే ఈ రెండూ చూడండి, మిగతా ఊళ్ళలోవి ఒకటి చూస్తే మిగతావి చూసినట్టే అని నా అభిప్రాయం, కోప్పడేవాళ్ళు కోప్పడండి. శని, ఆదివారాలు కాకుండా మంగళ, బుధవారం సాయంత్రం వెళ్ళండి. వేడి వైన్ మగ్గుకి డిపాజిట్ కలిపే తీస్కుంటారు, మగ్గు తిరిగిస్తే డబ్బులిస్తారు. మందు వద్దనుకుంటే "కిండర్‌పున్ష్" అడగండి, పిల్లలది, అదే మసాలా వాసన.

9. అమ్మవారి రథం కూడా ఉంది

ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాళ్ళకి ఇది చెప్పకపోతే ఎలా. హామ్ అనే ఊళ్ళో, ఊంట్రోప్ ఏరియాలో, శ్రీ కామాక్షి అమ్మవారి గుడి ఉంది, శ్రీలంక తమిళులు కట్టుకున్నది, ఇప్పుడున్న గుడి 2002లో ప్రారంభమైంది. చుట్టూ ఫ్యాక్టరీ షెడ్లు, మధ్యలో మన గోపురం, దూరం నుంచి చూస్తే ఒక్క క్షణం ఎక్కడున్నామో అర్థం కాదు. ఇక్కడి ఎండాకాలం మొదట్లో ఉత్సవాలు జరుగుతాయి, అందులో ఒక రోజు రథోత్సవం, యూరప్ నలుమూలల నుంచి వేల మంది వస్తారు, తాళ్ళు పట్టుకుని రథం లాగుతారు, కావడి ఎత్తుతారు, తర్వాత అమ్మవారికి తీర్థ స్నానం పక్కనున్న కాలవలో చేయిస్తారు. డేట్ ఏడాదికేడాదికి మారుతుంది, గుడి వాళ్ళ క్యాలెండర్‌లో చూస్కోండి.

హామ్ మెయిన్ స్టేషన్ దాకా ఆర్‌ఈ ట్రైన్లు చాలానే ఉన్నాయి, అక్కడి నుంచి సిటీ బస్సు, అంతా డాయిచ్‌లాండ్ టికెట్ మీదే. పంచె, చీర సంచిలో పెట్టుకెళ్ళి అక్కడ మార్చుకుందాం అనుకోకండి, చోటుండదు, ఇంటి దగ్గరే కట్టుకుని ట్రైనెక్కండి, ఎవరైనా చూస్తే చూడనివ్వండి. చెప్పులు వదిలే చోట మీవి గుర్తుపట్టేలా ఒక సంచిలో పెట్టండి, ఇది మన గుడే కాబట్టి ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. మీ ఊళ్ళో ఇండియన్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఉంటే ఉగాది, బతుకమ్మ, వినాయక చవితి వాళ్ళే చేస్తుంటారు, ఆ డేట్లు కూడా మొదట్లో చెప్పిన క్యాలెండర్‌లో వేస్కోండి, పండగ కోసం ఊరు దాటిపోయి ఇంటి పక్కన బతుకమ్మ మిస్ అవ్వకండి.

10. వెనక్కి రావడం

చివరి ట్రైన్ మీద ఎప్పుడూ ఆధారపడకండి, దాని ముందుది ఎక్కేలా ప్లాన్ వేస్కోండి. వీకెండ్స్‌లోనే ట్రాక్ పనులు పెడతారు, ట్రైన్ బదులు బస్సు వేస్తారు, ఆ బస్సు స్టేషన్ వెనకాల ఎక్కడో ఆగుతుంది. శుక్రవారం రాత్రి యాప్‌లో ఒకసారి, బయల్దేరే ముందు ఇంకోసారి చూడండి. స్పార్‌ప్రైస్ టికెట్ ఉండి 20 నిమిషాలో అంతకంటే ఎక్కువో లేటుగా చేరేలా ఉంటే, ఆ ట్రైనే ఎక్కాలన్న రూల్ ఉండదు, తర్వాతి ఐసీఈ ఏదైనా ఎక్కేయొచ్చు, ఇది తెలియక ప్లాట్‌ఫామ్ మీద గంటలు కూర్చునేవాళ్ళు ఉన్నారు. గంట లేటైతే టికెట్ డబ్బులో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం తిరిగొస్తుంది, యాప్‌లోనే క్లెయిమ్ పెట్టొచ్చు, ఎలాగూ లేటైన ట్రైన్లో కూర్చునే ఉంటారు కదా, అక్కడే ఫామ్ నింపేయండి. గ్రూప్ ఖర్చులు కూడా అదే ట్రైన్లో లెక్క తేల్చేస్కోండి, రూమ్‌కి చేరాక ఎవరి దగ్గరా బిల్లులుండవు.